భుజాల వెనక అడ్డగొట్టం

రేసు కార్ల సీట్ల మేస్త్రి దగ్గరికి ఎవరు కొత్తగా వచ్చినా ముందు కూర్చోమనేవాడు. కుర్చీలో కాదు, కొట్టు మధ్యలో నేలకి బిగించిన ఒట్టి అల్యూమినియం సీటులో. మెత్త లేదు, గుడ్డ లేదు. రేసుల్లో ఎంత పేరున్నవాడైనా అందులో దిగబడగానే, బడిలో మొదటిరోజు పిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని దిక్కులు చూసేవాడు. మేస్త్రి చుట్టూ తిరిగి తుంటి పక్కన వేళ్ళు దూర్చి, భుజం మీద అరచెయ్యి ఆనించేవాడు.

"ఊపిరి వదులు."

"వదిలాను."

"ఇంకా ఉంది లోపల. అత్తగారింటికి వచ్చినట్టు బిగుసుకోకు."

ఊపిరి వదిలిన మనిషి కొలతే అసలు కొలత అని ఆయన నమ్మకం. గుండెల నిండా గాలి పీల్చి బెల్టు కట్టించుకున్నవాడికి, గుద్దుకున్నప్పుడు ఆ గాలంత వదులు మిగులుతుంది. ఆ వదులులోనే మనిషి ముందుకి తూలతాడు. ఎక్కువ మెత్త పెట్టమని అడిగినా ఇదే జవాబు. మెత్త నలిగినంత మేరా బెల్టు వదులవుతుంది. "సుఖం కావాలంటే సోఫా కుట్టిస్తా, ఇంట్లో కూర్చో" అనేవాడు. ఆ సోఫాలు కుట్టేది ఆయన భార్య. కొట్టు వెనక గదిలో, ఒక పక్క పొయ్యి, ఒక పక్క మిషను. "నా సోఫాల్లో కూర్చున్నవాళ్ళెవరూ ఎగిరిపడలేదు" అని అక్కణ్ణుంచే అందుకునేది.

ఊరి చివర తిన్నటి తారు దారి మీద ఆ రేసులు జరిగేవి. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చదీపం వెలుగుతుంది, రెప్ప వేసి తెరిచేలోగా అవతలి కొసలో ఉంటాయి. డ్రాగ్ రేసు అంటారు. మలుపుల్లేవు. అంతా వేగమే, ఆ తర్వాత ఆగడమే. ఆగడం కుదరని రోజున మనిషిని పట్టి ఉంచేది సీటూ బెల్టులూ మాత్రమే. అక్కడివాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. సీటు బిగించిన మేస్త్రే రేసు ముందు భుజం బెల్టుల చివరి లాగుడు లాగాలి. డ్రైవరు చేతులు అంత బలంగా లాగలేవు కనుక మొదలైన పద్ధతి అది. పోను పోను దానికి వేరే అర్థం వచ్చింది. మేస్త్రి లాగాడంటే, ఈ బండికి నాదీ పూచీ అన్నట్టే.

మేస్త్రికి ఒక తమ్ముడు. సన్నగా, నిలకడ లేకుండా తిరిగేవాడు కనుక చిన్నప్పటి నుంచీ తూనీగ అనే పిలిచారు. తల్లి పోయేనాటికి వాడికి సరిగా నడక రాలేదు. మేస్త్రి వాణ్ణి చంకనేసుకునే పనికి వెళ్ళి, బస్సు సీట్లు కుట్టే చోట తుక్కు దూది మీద పడుకోబెట్టేవాడు. ఇంటికి కోడలొచ్చాక ఆవిడే వాడికి అన్నం కలిపి పెట్టింది. పెద్దయి, పెళ్ళయి, పక్క వీధిలో కాపురం పెట్టినా పొద్దున్నే వచ్చి "వదినా, ఏముంది" అని గిన్నెల మూతలు తీసేవాడు.

వాడికి కార్ల పిచ్చి ఎక్కడ పట్టిందో వేరే వెతకక్కర్లేదు. అన్న కొట్టులోనే పట్టింది.

ఒకరోజు రేసు కారొకటి కొని తెచ్చి గుమ్మంలో నిలబెట్టాడు. పాతదే, ఇంజను మాత్రం గట్టిది. మేస్త్రి ఇంజను వంక చూడలేదు. తలుపు తీసి లోపల దూరాడు. సీటు పర్వాలేదు. చుట్టూ గొట్టాల చట్రం ఉంది. భుజం బెల్టుల వెంట చెయ్యి జార్చుకుంటూ వెనక్కి వెళ్ళాడు. అవి సీటు మీద నుంచి దిగి దిగి నేల రేకు దగ్గరికి పోయాయి. అక్కడ బోల్టు.

"ఇది ఎవడు బిగించాడు?"

"నాకేం తెలుసన్నయ్యా. నాకు అమ్మినవాడు రెండేళ్ళు నడిపాడు, నిక్షేపంగా ఉన్నాడు."

"వాడు గోడని గుద్దలేదు."

మేస్త్రి తమ్ముణ్ణి సీటులో కూర్చోబెట్టి, చెక్క కర్ర ఒకటి భుజాల ఎత్తున వెనక్కి అడ్డంగా పట్టుకున్నాడు. "బెల్టు ఇక్కణ్ణుంచి రావాలి. ఇక్కడ చట్రానికి అడ్డగొట్టం వెల్డింగు చెయ్యాలి, దానికి బెల్టు చుట్టాలి. అప్పుడది నిన్ను వెనక్కి పట్టుకుంటుంది. నేలకి కట్టిన బెల్టు వెనక్కి పట్టుకోదు, కిందికి లాగుతుంది. నువ్వు ముందుకి పోతుంటే అది నీ భుజాలెక్కి తొక్కుతుంది. నడుం ఏమవుతుందో ఆలోచించు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"వెనకున్నదంతా విప్పాలి. రెండు వారాలు."

"ఆదివారమే రేసు. ఇది పోతే మళ్ళీ వచ్చే ఏడే."

"వచ్చే ఏడు పారిపోదు."

"నీకేం, చెబుతావు. నువ్వు జన్మలో సైకిలు కూడా తొక్కినవాడివి కాదు."

"అందుకే నడుం ఉంది."

మేస్త్రి భార్య నవ్వింది. మరదలు, తూనీగ భార్య, నవ్వలేదు. వెనక గదిలో తోడికోడలి పక్కన కూర్చుని అంతా వింటోంది. తూనీగ ముఖం ముడుచుకుని కారు తీసుకుపోయాడు. మర్నాడు గిన్నెల మూతలు తియ్యడానికి రాలేదు. ఆ పై రోజూ రాలేదు. మేస్త్రి కంచం ముందు కూర్చుని వీధి గుమ్మం వంక చూడటం, భార్య చూసీ చూడనట్టు వడ్డించడం.

"మీరే వెళ్ళి పిలవచ్చుగా" అందావిడ.

"వెళ్తే బిగించమంటాడు."

ఆదివారం మేస్త్రి రేసుకి వెళ్ళాడు. బెల్టు లాగడానికి కాదు. వాడు మానుకుంటాడేమోనన్న ఆశ ఒకటి, మానుకోకపోతే దగ్గర ఉండాలన్న భయం ఒకటి. కంచె పక్కన నిలబడ్డాడు.

తూనీగ అప్పటికే హెల్మెట్ పెట్టుకుని సీటులో ఉన్నాడు. కారు ముందు వాడి భార్య. బానెట్ మీద చెయ్యి వేసి కదలకుండా నిలబడింది. పక్క కారువాళ్ళు విసుక్కుంటున్నారు. మేస్త్రిని చూసి ఆమె గొంతు పెంచింది.

"బావగారూ, మీరు కాదన్న బండి ఇది. పోనివ్వను."

"అన్నయ్యా, చెప్పు దానికి. అందరూ చూస్తున్నారు."

మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు. దిగరా అని చెప్పాలనే వెళ్ళాడు. ఆ మాట నాలుక మీద ఉండగానే చూపు తమ్ముడి భుజాల మీద పడింది. బెల్టులు వదులుగా వేలాడుతున్నాయి. ఎడమది మెలిక పడి ఉంది. ముప్పై ఏళ్ళుగా వదులు బెల్టు కనపడితే ఆయన చెయ్యి ఊరుకున్నది లేదు, దారిన పోయే పరాయి కారులో అయినా సరే. చెయ్యి లోపలికి వెళ్ళింది. మెలిక తీసింది. కొస పట్టుకుంది.

"ఊపిరి వదులు" అన్నాడు.

వాడు వదిలాడు. మేస్త్రి లాగాడు. రెండో పక్కా లాగాడు. భుజం కింద రెండు వేళ్ళు దూర్చి చూశాడు. దూరలేదు. పని బాగా కుదిరింది.

తల ఎత్తేసరికి కారు ముందు ఎవరూ లేరు. మరదలు కంచె దగ్గరికి వెళ్ళిపోతోంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ, ఊరట పడ్డ మనిషి నడకతో. మేస్త్రి ఏదో అనబోయాడు. ఇంజను మోతలో ఆయన మాట ఆయనకే వినపడలేదు.

కారు తిన్నగానే వెళ్ళింది. అవతలి కొస దాటాక, ఆగవలసిన చోట, తోక ఊపి పక్క గోడని ముక్కుతో గుద్దింది. పెద్ద దెబ్బలా కూడా కనపడలేదు చూసేవాళ్ళకి.

ఆసుపత్రిలో డాక్టరు మేస్త్రిని వరండాలోకి పిలిచి, వెన్నుపూస ఒకటి పైనుంచి బరువు పడ్డట్టు నలిగిపోయిందన్నాడు. తలకి దెబ్బ లేదు, ఛాతీకి లేదు. కాళ్ళు ఇక రావు.

"బెల్టు గట్టిగా ఉండబట్టి ప్రాణంతో ఉన్నాడు" అన్నాడు డాక్టరు.

మేస్త్రి తల ఊపాడు. అదీ నిజమే. వదులుగా వదిలేస్తే మనిషే దక్కేవాడు కాడు. లాగకుండా వెనక్కి తిరిగి ఉంటే మరదలు కారు ముందు నుంచి కదిలేది కాదు, వాడు అన్న మీద ఏడాదిపాటు అలిగి, రెండు కాళ్ళ మీదా నడుచుకుంటూ ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. ఆ మొహం తిప్పుకోవడం ఎంత బాగుండేదో అని ఆయనకి కొత్తగా తెలిసింది.

తూనీగ మంచం మీద నుంచి చూడవచ్చినవాళ్ళందరికీ ఒకటే కథ చెప్పేవాడు. "మా అన్నయ్య చెయ్యి పడింది కాబట్టి బతికాను. కోపంలో ఉన్నవాడు కూడా ఆఖరికి వచ్చి తన చేత్తో బిగించాడు. ఆయన బెల్టు అంటే బెల్టే." వాళ్ళు మేస్త్రి వంక గౌరవంగా చూసేవారు. ఒకాయన చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. మేస్త్రి ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల మీది గ్లాసులు సర్దాడు.

ఒక మధ్యాహ్నం తమ్ముడు నిద్రపోతుంటే వరండా బెంచీ మీద మరదలి పక్కన కూర్చున్నాడు.

"వాడికి చెప్పేస్తానమ్మా, ఆ రోజు దిగమనడానికే వచ్చానని. ఆ కథ వినలేకపోతున్నాను."



"ఆ రోజు ఇంట్లో మీరు వద్దన్నది నా చెవులతో విన్నాను బావగారూ. అక్కడ మీ చెయ్యి లాగింది నా కళ్ళతో చూశాను. నోటిని నమ్మాలో చేతిని నమ్మాలో తెలీలేదు. చేతినే నమ్మాను."

మేస్త్రి తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"ఆయనకి మాత్రం చెప్పకండి" అంది. "కాళ్ళు ఎలాగూ లేవు. అన్నయ్య ఉన్నాడన్న మాట ఒక్కటి మిగిలింది. అదీ తీసుకుపోతే నేనేం చెప్పి కూర్చోబెట్టను?"

"మరి నువ్వు?"

"నా సంగతి నన్ను చూసుకోనివ్వండి."

అని లేచి లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత ఆమె ఆయన్ని బావగారూ అని పిలవడం తగ్గింది. అవసరం వస్తే "ఇటు చూడండి" అనేది.

కొట్టు తెరవమని ఎవరూ అడగలేదు, మూయమనీ అనలేదు. రేసువాళ్ళు ఇప్పుడు ఎక్కువగా వస్తున్నారు, తూనీగని బతికించిన చెయ్యి కావాలని. భార్య గుమ్మంలోనే నిలబడి, ఆయన ఇంట్లో లేరని చెప్పి పంపేస్తోంది. నిజంగానే ఉండడు. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తాడు. తమ్ముణ్ణి పక్కకి తిప్పుతాడు, వీపు తుడుస్తాడు, దిండు సర్దుతాడు.

తలుపు తెరుచుకుని కొత్తగా ఎవరైనా లోపలికి వస్తారు. తూనీగ ముఖం వెలుగుతుంది. "రండి, కూర్చోండి. ఇదిగో, ఈయనే" అని మొదలుపెడతాడు. మేస్త్రి వచ్చినవాళ్ళకి స్టూలు జరిపి, గోడకి ఆనుకుని, కథ అయ్యేదాకా నిలబడతాడు.