జాకెట్టు దారంతో కుట్టిన తెరచాప

మా మరిది గంగబాబుది మోటార్లు బాగుచేసే పని. ముమ్మిడివరంలో చిన్న షాపు. రొయ్యల చెరువుల మోటార్లు కాలిపోతే అతని దగ్గరికే తెస్తారు. వారంలో ఆరు రోజులు ఆ రాగితీగలతో కుస్తీ పడతాడు. ఆదివారం మాత్రం చెక్క పడవది.

చేపలు పట్టడు, జనాన్ని దాటించడు. తెరచాప ఎత్తుకుని గోదారిలో అలా తిరిగొస్తాడు, అంతే. రేవులో వాళ్ళు ఆటపట్టిస్తారు.

"ఊరందరికీ మోటార్లు బిగిస్తారు, మీ పడవకొకటి బిగించుకోలేరేంటండీ గంగబాబుగారూ?"

"ఆదివారం కూడా ఆ చప్పుడే వినమంటారేంటండీ?" అంటాడు.

ఆ పడవ కొన్నది మా ఆయన శివాజీగారు. అన్నదమ్ములిద్దరూ కలిసి దాన్ని సాకేరు. ఏటా మాఘమాసంలో ఒడ్డుకి లాగి, కొబ్బరి దుంగల మీద బోర్లించి, అడుగున పట్టిన గుల్లలు గీకేవారు. చెక్కల సందుల్లో నూనెలో తడిపిన దూది ఉలితో కూరి, పైన గుగ్గిలం కాచి పూసేవారు. కాచి ఇచ్చేది నేనే. రెండు రోజులు ఇల్లంతా దేవుడిగది వాసన. "ఆ పడవకి పట్టించే నూనెలో పావు వంతు నా తలకి పెడితే జుట్టు మోకాళ్ళ దాకా వచ్చునండీ అక్కా" అని మా తోటికోడలు భూలక్ష్మి సణిగేది. గంగబాబు భార్య.

మూడేళ్ళయింది. ఆ పడవలోనే ఆయన పోయేరు. నీళ్ళలో పడి కాదు. చుక్కాని పట్టుకుని కూర్చున్న మనిషి అలాగే పక్కకి ఒరిగిపోయేరంట. గుండె. గంగబాబు ఒక చేత్తో అన్నని, ఒక చేత్తో చుక్కానిని పట్టుకుని ఇంటికి తెచ్చేడు. ఏడాది పాటు నేను రేవు వైపు పోలేదు. అతను మాత్రం నెల మాసికం అవగానే మళ్ళీ పడవెక్కేడు. నాకు ముందు కోపం వచ్చింది. కోపం పోయేక భయం మిగిలింది. ఆదివారం వస్తే అన్నం సయించదు. పొయ్యి మీద పాలు పెట్టి గుమ్మంలోకి వెళ్ళి నిలబడతాను, అవి పొంగిపోతాయి. మా ఆయన పోయింది యాభై ఒకటో ఏట. గంగబాబుకి నలభై తొమ్మిది నిండేయి.

వద్దని చెప్పొచ్చు కదా అంటారు. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అన్నని తలుచుకోడానికి అతనికి ఉన్నది అదొక్కటే. అదీ వద్దని ఎలా చెప్పను?

ఈ జ్యేష్ఠమాసంలో తెరచాప చిరిగిందని కొత్త కోరాగుడ్డ తెచ్చి నా ముందు పెట్టేడు. "వదినగారండీ, కుట్టు మీదే." పాతదీ నేనే కుట్టేను, పదకొండేళ్ళ కిందట, వలల నైలాను దారంతో, జోడు కుట్టు, చేత్తో. ఈసారీ ఆ దారం ఉండ తెచ్చిచ్చేడు. నేను దాన్ని పెట్టెలో పడేసి, జాకెట్లు కుట్టే దారం మిషనుకి ఎక్కించేను. ఒకటే వరస. అదీ పొడుగు పొడుగు కుట్లు. ఒడ్డు పక్కనే చిన్న గాలికే విడిపోతుంది, విసుగొచ్చి మానేస్తాడు అనుకున్నాను. నా బుర్ర అంతవరకే పోయింది.

ఆ ఆదివారం భూలక్ష్మి మునగాకు దూస్తూ అంది, "ఇవాళ మొగ దాకా వెళ్ళొస్తానన్నారండీ అక్కా."

మొగ అంటే గోదారి సముద్రంలో కలిసే చోటు.

"అంత దూరం ఎప్పుడూ వెళ్ళడు కదే!"

"నేనూ అదే అన్నానండీ. వదినగారు కొత్తగా కుట్టేరు, భయమేంటే అన్నారు."

అతని ఫోను కిటికీలో చార్జింగు పెట్టే ఉంది. పడవలోకి తీసుకెళ్ళడు. బయటికొచ్చి చూస్తే పడమట నల్లగా కమ్ముకొస్తోంది. కొబ్బరాకులన్నీ సముద్రం వైపే వాలుతున్నాయి. పోటు తీసి పాటు మొదలైంది, నీళ్ళూ అటే లాగేస్తున్నాయి. తెరచాప విడిపోతే పడవ తిప్పుకోవడం ఎలా?

చెప్పులు లేకుండా రేవుకి పరిగెత్తేను. భూలక్ష్మి నా వెనకే వచ్చింది. వేట నుంచి వచ్చిన సాలమోను ఇంజను పడవ కడుతున్నాడు. గంగబాబు కనపడ్డాడా అని అడిగేను.

"చూసేనండీ, ఎదుర్లంక వంతెన దాటేక. తెరచాప నిండా గాలేసుకుని పోతన్నారు. చెయ్యి కూడా ఊపేరు."

"సాలమోనూ, పడవ వెనక్కి తిప్పు నాయనా. ఆ తెరచాప నిలవదు."

"కొత్తదే కదండీ?"

"నిలవదు. నిలవకూడదనే కుట్టేను."

సాలమోను తాడు విప్పేసేడు. భూలక్ష్మి నా మొహంలోకి చూసి, "ఎందుకక్కా?" అంది. నేను నీళ్ళ వైపు తిరిగేను. ఆవిడ వెళ్ళి రేవు మెట్ల మీద నాకు దూరంగా కూర్చుంది. వాన మొదలైంది. ఇద్దరం లేవలేదు. ఆవిడ పసుపుతాడు గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. దాని వైపు చూడలేకపోయేను.

రెండు గంటలు పట్టింది. ముందు సాలమోను పడవ, వెనక తాడుకి మా పడవ. గంగబాబు మోకాళ్ళ దాకా బురద. వంతెన దాటి కొంత దూరం పోయేక తెరచాప నిలువునా విడిపోయిందంట. గెడకర్ర వేసి ఎలాగో పక్కకి పోయి ఒడ్డు బురదలో ఉన్న మడచెట్టుకి పడవ కట్టుకున్నాడంట.

"చివరికి ఇంజనుతోనే రావలసొచ్చింది కదండీ" అని సాలమోను నవ్వేడు.

బట్టలు మార్చుకుని గంగబాబు తడి తెరచాప తెచ్చి మా వసారాలో పరిచేడు. అంచున ఆకుపచ్చ దారం వేలాడుతోంది. నా పండగ జాకెట్టు దారం.

"తప్పయిపోయింది బాబూ" అన్నాను.

అతను ఆ దారం వేలికి చుట్టుకున్నాడు. "పాతదాంట్లో పదకొండేళ్ళూ ఒక్క పోగు లేవలేదండీ. ఇది విడిపోయేక ఈ దారం చూడగానే నాకు తెలిసిపోయింది." గొంతు తగ్గించేడు. "వద్దనుకుంటే నోటితో వద్దని చెప్పండి వదినగారూ. నేను మానేస్తాను. ఇలా మాత్రం చెప్పకండి."

వద్దు అనే మాట నాలిక మీదే ఉంది. అతను ఎదురుగా కూర్చుని ఎదురుచూస్తున్నాడు. నిజంగా మానేసేవాడు. అది తెలిసేకే అనలేకపోయేను.

"మొగ దాకా పోనని చెప్పు. ఫోను పట్టుకెళ్తానని చెప్పు."

"ఆయ్, అలాగేనండీ."

లేచి పెట్టెలోంచి నైలాను దారం తీసేను. ఆ వారమంతా చేత్తోనే కుట్టేను, జోడు కుట్టు, వేళ్ళు కోసుకుపోయేయి. మూడు రోజులు భూలక్ష్మి నాతో మాట్లాడలేదు. నాలుగోరోజు వచ్చి ఎదురుగా కూర్చుని రెండో అంచు పట్టుకుంది. ప్రతి మూరకీ ఆవిడ అటు, నేను ఇటు బలంకొద్దీ లాగి చూసేం. "ఇంకా లాగండి అక్కా" అంటుంది. చేతులు నొప్పులు పుట్టేదాకా లాగించింది.

ఈ ఆదివారం మళ్ళీ వెళ్ళేడు. నేను రేవు మెట్ల మీదే కూర్చున్నాను. పొయ్యి దగ్గర భూలక్ష్మి ఉంది. వంతెన ఇవతల తెరచాప కనపడుతూనే ఉంది. అయినా గాలి కాస్త గట్టిగా వీచినప్పుడల్లా నా చేతులు వాటంతటవే బిగుసుకుంటున్నాయి.