చచ్చి రాని ప్రోటీన్

మా మేడమ్ ఇక లేరని మొన్న మంగళవారం హుకుంపేట నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయారట. అరకులోయ డిగ్రీ కాలేజీలో నాకూ, నాలాంటి ఎందరో కొండ ఊళ్ల పిల్లలకూ కెమిస్ట్రీ చెప్పిన మనిషి. ఆవిడను తలుచుకుంటే ఏడుపు కన్నా ముందు నవ్వొస్తోంది. ఏం చేయను?

నేను విశాఖలో పరిశోధనకు చేరిన రెండో ఏడు అది. ఈస్టు కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఉంటాయి. వాటి పొరలో ఇరుక్కున్న ఒక ప్రోటీన్‌ను, పనిచేసే స్థితిలోనే బయటికి తీయాలి. పొరలో ఉండేది కొవ్వు కనుక దాన్ని కరిగించే డిటర్జెంట్ వేయాలి. నేను వేసిన ప్రతిసారీ ప్రోటీన్ వచ్చేది, కానీ చచ్చి వచ్చేది. ఇక మానేస్తానని చెప్పడానికి హుకుంపేటలో మేడమ్ ఇంటికి వెళ్లాను.

ఆవిడ పెరట్లో కాఫీ పళ్లు ఆరబోస్తున్నారు. నా నోటుపుస్తకం లాక్కుని, మెట్టు మీద కూర్చుని మొత్తం చదివారు.

"ఏటే గుంటా, ఇంత గట్టి మందు పోసేసినావు? పొరతో పాటు దాని ప్రాణం కూడా తీసేత్తన్నావు. మెత్తటిది వెయ్యి, కొంచెం కొంచెంగా."

"అలాగైతే చాలా టైం పడుతుంది మేడమ్."

"పడనీ. నీకేటి, రైలెల్లిపోతాదా?"

ఆ వారమే సెలవు పెట్టి, రాగులతో కాచిన చోడి అంబలి సీసాతో కిరండూల్ రైల్లో వచ్చి విశాఖలో దిగారు. ప్రోటీన్ పాడవకుండా ఈ పనంతా చల్లటి గదిలో చేయాలి. మా ల్యాబ్ వాళ్లమంతా స్వెటర్లలో వణుకుతుంటే ఆవిడ నూలు చీరలో నిలబడి, "ఇదీ ఒక సలేనా? జనవరిలో మా ఊరు రండి" అని నవ్వారు. మొక్కల నుంచి తీసే డిజిటోనిన్ అనే మెత్తటి డిటర్జెంట్‌ను నా చేత చుక్క చుక్కగా కలిపించారు. తొందరపడితే మణికట్టు మీద చిన్న దెబ్బ.

ప్రోటీన్ బతికుంటే, దాని పనిని కొలిచే మిషన్ తెర మీద గీత కిందికి దిగాలి. ఏడాదిగా కదలని గీత అది. ఆ సాయంత్రం జర్రున దిగింది.

"బతికుందే గుంటా!" అని నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేశారు. వరండాలోకి పరుగెత్తి, కనబడ్డ ప్రతివాళ్లకీ "మా గుంట తీసింది" అని చెప్పారు.

"మీరు చెప్పబట్టే కదా మేడమ్" అన్నాను.

"నానేటి సేసినాను? సెయ్యి నీది."

ఆ ఒక్క మాటతో మానేసే ఆలోచన పోయింది. ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. పిల్లలు తొందరపడితే నాకు తెలియకుండానే ఆవిడ యాసే నోట్లోంచి వస్తుంది.

ఆ గీత దిగిన మర్నాడు పొద్దున్నే ఆవిడను రైలెక్కించాను. కాలేజీ పిల్లలకు చూపిస్తానని ల్యాబ్‌లో ఒక జత నీలం గ్లోవ్స్ అడిగి తీసుకున్నారు. రైలు కదలగానే రెండూ తొడుక్కుని, కిటికీ చువ్వల మధ్య నుంచి చేతులు ఊపారు. ప్లాట్‌ఫాం మీద ఎవరినో సాగనంపడానికి వచ్చిన చంటిపాప కూడా వాళ్లను వదిలేసి ఆవిడకే చెయ్యి ఊపింది. బండి వంపు తిరిగేదాకా ఆ పది నీలం వేళ్లూ ఆడుతూనే ఉన్నాయి.