సింహాచలమ్మ పథ్యం

కింది వాటాలో ఎవరో వెల్లుల్లి నేతిలో వేయిస్తున్నారు. ఆ వాసన మెట్ల మీదుగా పైకి వస్తోంది. అంత వెల్లుల్లి ఒక్కసారి వేగుతోందంటే ఇంట్లో బాలింత ఉన్నట్టే. ఈ హిందీ ఊళ్ళో, కాసిడీహ్‌ పేటలోని మా తెలుగువాళ్ళ ఇళ్ళలో అది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. పని ఆపి కాసేపు అలాగే నిలబడ్డాను. మా అత్త సింహాచలమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు.

ఆమె శ్రీకాకుళం వైపు పల్లె నుంచి పెళ్ళై ఇక్కడికి వచ్చింది. మామయ్యది కార్ఖానాలో కాంట్రాక్టు పని. అత్తకు పేరు తెచ్చింది మాత్రం పథ్యం. చుట్టుపక్కల ఎవరింట పురుడు వచ్చినా బాలింతకు ఏం పెట్టాలో చెప్పడానికి ఆమెనే పిలిచేవారు. పప్పు వాతం, ఆకుకూర బిడ్డకు పడదు, నీళ్ళు తాగితే పొట్ట జారుతుంది, అనేదట. ఇక మిగిలేది అన్నం, వెల్లుల్లి కారం, గుక్కెడు వేణ్ణీళ్ళు. ఇదంతా పెళ్ళైన కొత్తలోనే ఇరుగుపొరుగు నోట విన్నాను. మా అమ్మ లేదు కనుక నా పురుడు అత్తింట్లోనే జరగాలి. కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఆ వేణ్ణీళ్ళే గుర్తొచ్చేవి.

పాపతో ఆసుపత్రి నుంచి వచ్చిన మధ్యాహ్నం నా కంచంలో ముద్దపప్పు, తోటకూర, ఉడికించిన గుడ్డు ఉన్నాయి. పక్కనే చెంబు నిండా నీళ్ళు. పాపను చూడటానికి వచ్చిన పక్కింటి వరాలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏటే సింహాచలం, పచ్చి బాలింతకి తోటకూరేటి? పిల్లకి ఇరేచనాలైతే?”

“అయితే గుడ్డలు నేనుతుకుతాను. నువ్వేటి, సబ్బు కొనిత్తావా?”

వరాలమ్మ నవ్వింది. అత్త నవ్వలేదు.

ఆ సాయంత్రం పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని తనే చెప్పింది. కూతురు పార్వతి, అంటే నా భర్త చెల్లెలు, మా పెళ్ళికి ముందే తొలి కాన్పుకు ఈ ఇంటికి వచ్చిందట.

“దాహమేత్తందమ్మా అని ఏడిసేది. బిందె అందకుండా ఎత్తున ఎట్టీసేను. పాలు ఇగిరిపోనాయి. డబ్బాపాలు పలచగా కలిపి పట్టేను. పిల్లడు బోర్లా పడకుండానే పోనాడు. తల్లికేటి పెట్టేవని డాక్టరమ్మ అడిగితే, పప్పుబద్ద కూడా ముట్టనివ్వలేదని గొప్పగా చెప్పేనే అమ్మా.”

డాక్టరమ్మ తిట్టలేదట. రాస్తున్న కలం పక్కన పెట్టిందట. తరువాత తల్లి తినేదే బిడ్డకు పాలవుతుందని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పిందట.

పాపను చూడటానికి పార్వతి సీతారాండేరాలోని అత్తింటి నుంచి వచ్చింది. అప్పుడు నేను భోజనం చేస్తున్నాను. ఆమె పాప వైపు చూడలేదు, నా కంచం వైపు చూసింది.

“నాకెందుకు పెట్టలేదే అమ్మా?”

“తెలీక,” అంది అత్త.

ఆ రోజు నుంచి పార్వతి మా ఇంట్లో మెతుకు ముట్టలేదు. పండగలకు వచ్చేది, అన్నతో మాట్లాడేది, పాపను ఎత్తుకునేది. తల్లి ఏం వండి ముందు పెట్టినా “భూఖ్ నహీ హై”, ఆకలి లేదు, అనేది. తల్లి తెలుగులో అడిగితే హిందీలోనే జవాబు. అత్త మళ్ళీ అడిగేది కాదు. కానీ పార్వతి వస్తోందంటే తప్పకుండా వండేది.

ఆ రోజుల్లోనే అత్త బయటకు వెళ్ళడం మొదలుపెట్టింది. తాను పథ్యం చెప్పిన ఇళ్ళన్నిటికీ వెళ్ళి, “నేను చెప్పింది తప్పమ్మా. కడుపుతో ఉన్నదానికీ బాలింతకీ అన్నీ పెట్టండి. దాహమంటే నీళ్ళియ్యండి,” అనేది. ముసలిదానికి మతి పోయిందని కొందరు నవ్వారు. ఒకామె, ఆమె బిడ్డా దక్కలేదట, తలుపు వేసేసింది. మర్నాడు అత్త ఇంకో ఇంటికి వెళ్ళింది.

పాపకు ఆరు నెలలు నిండాక చోడిజావ, అంటే రాగిజావ, పప్పన్నం మెత్తగా మెదిపి పెట్టడం ఆమే నేర్పింది. పాప నోరు మూసుకుంటే నాకు కంగారు. బుగ్గలు నొక్కబోతే చెయ్యి పట్టుకునేది.

“ఊరుకో. ఆకలి దానిది, నీది కాదు. కాసేపాగి అడుగు.”

అత్త పెద్దకర్మ నాడు పార్వతి అందరికీ వడ్డించింది. విస్తళ్ళు తీశాక, “ఇప్పుడైనా కూర్చో పార్వతీ,” అన్నాను.

“ఇప్పుడు తింటే ఎవరు చూత్తారు వదినా?” అంది. ఆ మాట తెలుగులోనే అంది.

తల్లి తప్పు చిన్నదని పార్వతితో అనలేను. కూతురి కోపం ఎక్కువైందనీ అనలేను. క్షమ దొరకకపోయినా చేసినదాన్ని దిద్దుతూనే ఉండవచ్చునని మాత్రం అత్తను చూసి తెలుసుకున్నాను. దానివల్ల మనసు తేలికపడుతుందని ఆమె ఎన్నడూ అనలేదు. నేనూ అనను.