మిష్రిఫ్‌కు శాంతి రాయబారం, ఒక రనౌట్ గురించి

శుక్రవారం ఉదయం ఏడున్నరకు కువైట్‌లోని మంగఫ్‌లో బస్సెక్కాను. టికెట్ పావు దినారు. మీరెవరైనా వెళ్ళేట్టుంటే కుడివైపు కూర్చోకండి, ఎండ మొహం మాడ్చేస్తుంది. చేతిలో కొత్త టెన్నిస్ బంతి, సంచిలో పులిహోర.

పనల్లా ఓబులేసుతో రాజీ. రాయచోటి వైపు మనిషి, మిష్రిఫ్‌లో ఒక ఇంటికి డ్రైవరు. మూడు వారాలుగా నాతో మాటల్లేవు. వచ్చే గురువారం ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఊరెళ్ళిపోతున్నాడు. ఇవాళ తప్పితే మళ్ళీ దొరకడు.

తప్పు నాదే. సబ్హాన్ గోడౌన్ల వెనక మా ఆటలో బ్యాటింగ్ జట్టువాడే అంపైరు. తనవాళ్ళు అవుటైనప్పుడు వాడికి ఒక కన్ను కనబడకూడదనేది అందరికీ తెలిసిన నియమం. నేను రెండు కళ్ళూ తెరిచి, ఆఖరి బంతికి మా ఓబులేసునే రనౌట్ ఇచ్చాను. ఒక్క పరుగుతో ఓడిపోయాం.

దారిలో ఫోన్‌లో ఒక స్విట్జర్లాండ్ పెద్దాయన గురించి చదివాను. మంత్రిగా చేశాడు, దేశాధ్యక్షుడిగా చేశాడు, ఆ తర్వాత ఆటలతో శాంతి తెస్తానని దేశాలన్నీ తిరిగాడు. ఎప్పుడైనా అంపైరింగ్ చేశాడా అని కిందిదాకా వెతికాను. ఎక్కడా లేదు. అందుకే అంత నమ్మకం!

పక్క సీట్లో ఇళ్ళలో పనిచేసే లక్ష్మమ్మకు చెబితే నవ్వింది. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు. "ఆటలతో శాంతా? మా మామా కొడుకులిద్దరూ ఫుట్‌బాలు కోసరమే కదప్పా కొట్టుకునేది."

ఎనిమిదిన్నరకు దిగి, ఇరవై నిమిషాలు నడిచాను. ఓబులేసు కారు కడుగుతున్నాడు.

"యాలొచ్చినావు?"

"ఓ ఆరు బంతులాడదాం రారా. ఆటలతో శాంతి వచ్చేత్తాదంట."

వాడు నవ్వలేదు. బంతి మాత్రం తీసుకున్నాడు. "మామా లేసేలోపల కానీ."

ఇంటి పక్క ఖాళీ జాగాలో చెత్తడబ్బా వికెట్, చెప్పులు గీత. చెక్కముక్క పట్టుకుని నిలబడి, "ఆ రోజు నువ్వు అవుట్ కాదురా, నేనే సరిగా చూళ్ళేదు," అన్నాను.

"అబద్దాలెందుకున్నా? అవుటని నాకూ తెలుసు. దేశంగాని దేశంలో మనోడంటూ ఒగడుండాడనుకుంటే, రెప్ప గూడా ఆర్పకుండా యేలెత్తితివే!"

వాడు బంతి వేశాడు. కొట్టి, చెప్పుల దాకా పరిగెత్తి వెనక్కి తిరిగాను. డబ్బా ఠంగుమంది. నేనింకా రెండు బారల దూరంలో ఉన్నాను.

"అవుటేరా," అన్నాను.

విసిరినవాడే మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "నేను చూల్లేదున్నా."

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. పులిహోర ఒకే డబ్బాలో తిన్నాం.

పదిన్నర బస్సులో తిరిగొస్తూ అనుకున్నాను: ఆటలతో శాంతి రావడం నిజమే, కాస్త చూపు తక్కువైన అంపైరు ఉండాలంతే. వచ్చే శుక్రవారం నుంచి నేను ఆ ఒక కన్నూ మూసుకునే నిలబడతాను. పరిగెత్తడానికి ఓబులేసే ఉండడు.