ఊరందరి పళ్లాలు

పోయిన నెల నార్కట్‌పల్లి దగ్గర హైవే పక్కనున్న ఒక ఫంక్షన్ హాలులో మా చెల్లెలి మనవరాలి పెళ్లికి వెళ్లాను. పెళ్లికూతురి తోబుట్టువు ఒకతి హైదరాబాదులో ఇళ్ల అలంకరణ పని నేర్చుకున్న పిల్ల, ఆ మండపమంతా తానే దగ్గరుండి తీర్చిదిద్దింది. ఎక్కడా థర్మాకోల్ లేదు, ఫ్లెక్సీ లేదు. వెదురు తడికెలు, అల్లిన కొబ్బరి మట్టలు, బంతిపూలు, గుడ్డ మీద చేత్తో రాసిన పేర్లు, భోజనానికి పోకమట్టలతో చేసిన పళ్లాలు, వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరికీ జనపనార సంచిలో ఒక మొక్క. ఎట్లా ఉందని ఆ పిల్ల వచ్చి అడిగితే చాలా బాగుందన్నాను, మాట వరసకు అనలేదు, నిజంగానే బాగుంది. భోజనమయ్యాక చేతులు కడుక్కోవడానికి హాలు వెనక్కి వెళ్తే, అక్కడ ఇద్దరు ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని, నడుములు వంచి, ఎంగిలి పళ్లాల కుప్పలోంచి నీళ్ల సీసాలు వేరుచేస్తున్నారు. వాళ్ల ముఖాలు నాకు కనబడలేదు, వీపులే కనబడ్డాయి. ఆ వీపులను చూస్తూ చేతులు కడగడం మరిచిపోయి నిలబడ్డాను. మా యారాలు గుర్తుకొచ్చింది.

యారాలంటే తోడికోడలు. ఆమె మా మరిది భార్య. మోత్కూరు దగ్గర పల్లెలో మా రెండిళ్లకూ ఒకటే ప్రహరీ, ఒకటే వాకిలి. నేను అంగన్‌వాడీలో టీచరుగా పనిచేసి ఈమధ్యనే దిగిపోయినదాన్ని, ఆమె బడి ముఖం చూడకుండా బర్రెలను సాకిన మనిషి. పొద్దున నేను పిల్లల దగ్గరికి పోతుంటే ఆమె పాలు పితికి ఎదురొచ్చేది, సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి గడ్డిమోపు దించుతూ కనబడేది. మా ఇద్దరికీ పెద్దగా మాటలు అక్కర్లేదు. ఒకరి అలసట ఒకరికి తెలిసేది.

తెలంగాణ వచ్చిన కొత్త అది. ఇక మన ఊళ్లు మనమే బాగుచేసుకోవాలని జనంలో ఒక ఉత్సాహం ఉండేది. చెరువుల్లో పూడిక తీస్తున్నారు, రోడ్ల పక్కన మొక్కలు నాటుతున్నారు, ఎవరిని కదిపినా ఏదో ఒకటి చేద్దామనేవారు. అయితే అదే ఉత్సాహంతో విందులు, దావత్‌లు కూడా పెరిగాయి. దావత్ అయిన మర్నాడు వీధినిండా ప్లాస్టిక్ గ్లాసులు, వెండిరంగు పూత పూసిన పళ్లాలు గాలికి దొర్లుతుండేవి. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు పెళ్లంటే నెల ముందు నుంచే మోదుగాకు పని మొదలయ్యేది. బాపు గుట్ట మీదినుంచి ఆకు మోపులు తెస్తే, అవ్వ చుట్టూ కూర్చొని చీపురుపుల్లల ముక్కలతో విస్తర్లు కుట్టేవాళ్లం. పుల్ల గుచ్చుకొని వేళ్లు మండేవి. తిన్న విస్తరి పెంటకుప్పలో పడితే ఎరువై చేనుకు పోయేది. దాని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు, వేరే దారి లేదంతే. అందుకే ప్లాస్టిక్ పళ్లాలు వచ్చినప్పుడు మన ఆడవాళ్లమే ముందుగా సంతోషించాం. కుట్టే పని లేదు, కడిగే పని లేదు అనుకున్నాం. అందులో తప్పేముంది?

ఒకసారి మా వీధి చివర ఒక పెద్ద పెళ్లి జరిగిన కొన్నాళ్లకు మా యారాలి పాడిబర్రె మేత ముట్టడం మానేసింది. కడుపు ఉబ్బింది, నెమరు వేయడం ఆగింది. పశువుల డాక్టరు వచ్చి మందు పోశాడు, సూది వేశాడు, చేయాల్సిందంతా చేశాడు. అయినా దక్కలేదు. ఎందుకు పోయిందో తెలియాలని కడుపు కోసి చూస్తే, తాడులా మెలిపడి గట్టిగా గడ్డకట్టిన ప్లాస్టిక్ ముద్ద బయటపడింది. అందులో గ్లాసుల అంచులు ఇంకా గుర్తుపట్టేలాగే ఉన్నాయి. మా యారాలు ఏడవలేదు. ఆ ముద్దను నీళ్లతో కడిగి, తట్టలో పెట్టి, తలమీద ఎత్తుకొని, గ్రామసభ జరుగుతుంటే తీసుకెళ్లి పెద్దల ముందు దించింది. నేనూ అక్కడే ఉన్నాను. సభలో అందరూ ముక్కులు మూసుకున్నారు.

"ఇది నా బర్రె కడుపుల దొరికింది," అన్నది. "ఎవలింటి దావత్‌దో నాకు తెల్వది. మనందరిది."

అంతే అన్నది. తర్వాత మా మహిళా సంఘంలో కూర్చొని మాట్లాడుకొని, తలా కొంత వేసుకొని, మోత్కూరు అంగట్లో స్టీలు పళ్లాలు, గ్లాసులు, బకెట్లు, గరిటెలు కొన్నాం. ఊళ్లో ఎవరింట శుభమైనా అశుభమైనా అవి తీసుకుపోవాలి, వాడుకొని కడిగి తెచ్చివ్వాలి. అంగన్‌వాడీ పక్క గది ఖాళీగా ఉంటే అందులో పెట్టి తాళంచెవి నా చేతికిచ్చారు.

కడగడానికి జాగా మాత్రం మా యారాలే ఆలోచించి కట్టించింది. మేస్త్రీ నేలను చదునుగా చేయబోతే వద్దని, వాలు ఎటుండాలో తానే నీళ్లు పోసి చూపించింది. బండలు పరిచి, పక్కనే ఒక కాలువ తీసి, ఆ కాలువను అరటి పిలకల దాకా పొడిగించింది. మొదట మిగిలిన అన్నం కుడితి తొట్టిలోకి, తర్వాత బూడిదతో తోమడం, ఆ తర్వాత కుంకుడు రసం కలిపిన నీళ్లు, చివరికి మంచినీళ్లు. సబ్బుపొడి వాడితే అరటిచెట్లు చస్తాయని పట్టుబట్టింది. మా వైపు బోరునీళ్ల సంగతి మీకు తెలిసిందే, తడి ఆరిందంటే స్టీలు మీద తెల్లటి మచ్చలు పడతాయి, అందుకని కడిగిన పళ్లెం కడిగినట్టే పొడిగుడ్డతో తుడవాల్సి వచ్చేది. రెండో ఏడుకల్లా అరటి గెలలు దిగాయి. మండలం నుంచి వచ్చిన వాళ్లు వాటిని చూసి మెచ్చుకొని ఫోటోలు తీసుకున్నారు. ఫోటోలో మా యారాలు లేదు, ఎందుకంటే ఆ సమయానికి ఆమె బండల మీద పళ్లాలు తోముతోంది.

నిజానికి మేము పెట్టుకున్న కట్టుబాటు వేరు. ఎవరు తిన్న పళ్లెం వాళ్లే కాలువ దగ్గరికి తెచ్చి కడగాలి, ఆడా మగా తేడా లేదు. మొదటి పెళ్లిలోనే దానికి పరీక్ష వచ్చింది. ఊరివాళ్లు కొందరు నవ్వుకుంటూ, కొందరు సిగ్గుపడుతూ కడిగారు. మగపెళ్లివారి పెద్దాయన ఒకాయన మాత్రం పళ్లెం పట్టుకొని మధ్యలో నిలబడిపోయాడు. పిలిచి అన్నం పెట్టి ఎంగిలి కడగమంటారా, ఇదేం మర్యాద అన్నాడు. ఆయన వెంట ఉన్నవాళ్లూ లేచారు. పెళ్లికూతురి తండ్రి ముఖం తెల్లబోయింది, లోపల ఆ పిల్ల తల్లి ఏడుపు అందుకుంది. పళ్లెం దగ్గర మొదలైన మాట పెళ్లి దాకా పోయేలా ఉంది. అప్పుడు మా యారాలు లేచి వెళ్లి ఆయన చేతిలోని పళ్లెం మెల్లగా అందుకొని, బండల మీద కూర్చొని తోమింది. గొడవ సద్దుమణిగింది. పెళ్లి బాగానే జరిగింది. కానీ ఆ ఒక్క పళ్లెంతోనే మా కట్టుబాటు పోయింది. ఆయన వెనక ఉన్నవాళ్లు తమ పళ్లాలూ అక్కడే దించి వెళ్లారు, వాళ్లను చూసి మా ఊరి మగవాళ్లూ దించారు, తర్వాతి దావత్‌కు అడిగేవాళ్లే లేరు. అడిగితే పెళ్లిలో కలహం, అడగకపోతే మా చేతులు. మేము చేతులనే ఎంచుకున్నాం.

అట్లా కొన్నేళ్లు గడిచాయి. ఊరు శుభ్రపడిన మాట వాస్తవం. పశువుల డాక్టరు ఎప్పుడైనా కలిస్తే మీ ఊరినుంచి అట్లాంటి కేసులు రావడం లేదనేవాడు, ఆ మాట విన్న రోజు మాకు పండుగలా ఉండేది. ఇంటింటికీ నల్లా వచ్చాక తెల్లమచ్చల బాధ కూడా తగ్గింది. కానీ బూడిదకూ నీళ్లకూ నాని నాని మా యారాలి వేళ్ల సందులు పగిలాయి. చలికాలంలో ఆ పగుళ్లలోంచి రక్తం కారేది. పిండి పిసకలేకపోయేది, దువ్వెన పట్టలేకపోయేది. నేను తల దువ్వుతుంటే కళ్లు మూసుకొని అట్లాగే కునికేది. సంఘంలో మొదట వంతులు వేసుకున్న వాళ్లంతా ఒకరికి మోకాళ్లు, ఒకరికి కూలిపని, ఒకరికి కోడలి కాన్పు అంటూ ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఎవరినీ తప్పుపట్టలేను. చివరికి మా ఇద్దరమే మిగిలాం.

తర్వాత కరోనా వచ్చింది. ఒకరు తిన్న పళ్లెంలో ఇంకొకరు తినడమంటే జనం బెదిరిపోయారు. గది తలుపు మూసి ఉండిపోయింది. అదంతా తగ్గాక దావత్‌లు మళ్లీ మొదలయ్యాయి గానీ, మోత్కూరు నుంచి వంటవాళ్లే కాగితం పళ్లాలు, గ్లాసులు, చెంచాలు అన్నీ తెచ్చి పెట్టడం అలవాటైంది.

అయినా మా ఇంటి శుభకార్యానికి స్టీలు పళ్లాలే వాడతామనుకున్నాను. మా యారాలి కొడుక్కు ఆడపిల్ల పుట్టి తొట్టెల, అంటే ఉయ్యాలలో వేసే వేడుక, చేసినప్పుడు, పొద్దున్నే తాళంచెవి కొంగున కట్టుకొని వెళ్లాను. పందిట్లో బల్ల మీద కాగితం పళ్లాల కట్టలు పేర్చి ఉన్నాయి. కొడుకు తెప్పించి ఉంటాడనుకొని, ఇవెందుకు తెచ్చారని అడగబోయాను. మా యారాలు నా చేయి పట్టుకొని లోపలికి తీసుకెళ్లి, తలుపు దగ్గరగా వేసింది.

"అక్కా, నేనే తెప్పిచ్చిన. కోపం చెయ్యకు," అన్నది. "నా రెక్కలు ఇగ లేస్తలేవు. ఇన్నేండ్ల సంది కడిగితిమి. ఒక్క మొగోడన్న, జర నువ్వు కూసో, నేను తోముత అన్నడా? భూమిని కాపాడుడంటే మనిద్దరం వంగుడేనా?"

"నాకు తెల్వది చెల్లె," అన్నాను.

ఆ మధ్యాహ్నం కాగితం పళ్లెంలోనే తిన్నాను. పప్పు పోస్తే అడుగు మెత్తబడి చేతిలో వంగిపోయింది. తినడం ముగించి చూస్తే, మా యారాలు ఒక గోనెసంచి పట్టుకొని వాకిట్లో తిరుగుతోంది. ఆ కాగితం మీద కూడా పలుచటి ప్లాస్టిక్ పొర ఉంటుందట, బర్రెలు తిరిగొచ్చే వేళకు ఒక్కటి కూడా కిందుండకూడదని ఏరుతోంది. నేనూ కొంగు బిగించి ఆమె వెంట నడిచాను. మనవరాలి తొట్టెల రోజున కొత్తచీర కట్టుకున్న నాయనమ్మ, పక్కన నేను, ఇద్దరం వంగి ఎంగిలి పళ్లాలు ఏరుతున్నాం. పందిట్లో మగవాళ్లు కుర్చీల్లో కూర్చొని ఫోన్లు చూసుకుంటున్నారు. కుర్చీ కింద పడిన పళ్లెం మా యారాలు తీయబోతే ఆమె కొడుకు, మంచివాడే, తల్లి మీద ప్రేమ ఉన్నవాడే, తల్లికి అందేలా కాళ్లు పైకెత్తి పట్టుకున్నాడు. ఆమె పళ్లెం తీసుకున్నాక మళ్లీ దించాడు. ఫోను మీదినుంచి చూపు మాత్రం తిప్పలేదు.

ఆ తర్వాత ఇక ఆమెను నేను ఏమీ అడగలేదు. నేను పనిలోంచి దిగిపోయిన రోజు తాళంచెవి పంచాయతీలో అప్పగించాను. పళ్లాల్లో కొన్ని బడి పిల్లల భోజనానికి ఇచ్చారట, మిగతావి గదిలోనే ఉన్నాయట. మా యారాలి చేతులు ఇప్పుడు మానాయి. మొన్న నా పక్కన కూర్చొని చేయి నా చేతిలో పెడితే, పెళ్లై వచ్చిన కొత్తలో ఎంత మెత్తగా ఉండేదో అంత మెత్తగా తగిలింది. ఎన్నాళ్లకో అని ఇద్దరం నవ్వుకున్నాం.

పర్యావరణం అనే మాట మన చిన్నప్పుడు ఎవరి నోటా వినలేదు. ఇప్పుడు చిన్నపిల్లలు కూడా పలుకుతున్నారు, బడి గోడల మీద రాస్తున్నారు, ఎంతో అందంగా పందిళ్లు కడుతున్నారు. వినడానికి బాగుంటుంది, నేను కాదనను. మనకు ఆ మాట తెలియని రోజుల్లో ఒంట్లో సత్తువ ఉండేది. మాట తెలిసేనాటికి వంగితే లేవలేకుండా ఉన్నాం. మన తర్వాత ఎవరైనా వంగుతారు కదా అని చూస్తే, వంగేవాళ్లలో ఇప్పటికీ నాకు చీరలే కనబడుతున్నాయి.