గుర్రం చెప్పులు

నాకు కుక్కలంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు గుంటూరులో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకున్నదాన్ని. అందుకే ఇంగ్లండు వచ్చాక నార్తాంప్టన్‌లో నా చూపు అంచుల నుంచి ముడుచుకుంటూ వచ్చి, చివరికి వెలుతురూ నీడా మాత్రమే మిగిలినప్పుడు, దారి చూపే కుక్కను ఇస్తామంటే వద్దన్నాను. తెల్లకర్ర పట్టుకున్నాను గానీ దాంతో ధైర్యం రాలేదు. రెండేళ్ళు మా అత్తయ్య చెయ్యి పట్టుకునే మా పాప స్కూలుకీ, జీపీ డాక్టరు దగ్గరికీ నడిచాను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నాకేమో ముక్కు మీద కోపం. ఆవిడ "మెట్టు, జాగ్రత్త" అన్నప్పుడల్లా కసిరేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎవరి చెయ్యీ పట్టుకోకుండా స్కూలుదాకా వెళ్ళి పాపను తీసుకురావాలి. అంతే నా కోరిక.

అప్పుడే పొట్టి గుర్రాలకు దారి చూపడం నేర్పే ఒకావిడ గురించి తెలిసింది. నా నడుము దాకా కూడా రాని గుర్రం. ఆవిడ పొలంలో నెలల తరబడి దానితో నడక నేర్చుకున్నాను. రోడ్డు అంచు రాగానే ఆగుతుంది. కారు వస్తుంటే ఎంత లాగినా కదలదు. మొండితనంలో నాకు సరిజోడు. ఇక మిగిలింది ఒకటే పరీక్ష, అది మా ఇంట్లో బెదరకుండా మసలుకోవాలి. లేదంటే ఇవ్వనని ఆ ట్రైనర్ ముందే చెప్పింది.

ఆ పరీక్ష రోజు గుర్రం వ్యాన్ దిగి గుమ్మం దాకా బాగానే వచ్చింది. అత్తయ్య తలుపు తీసింది.

"కాళ్ళకి అయ్యేంటమ్మా?"

"బూట్లు అత్తయ్యా. జారకుండా రబ్బరువి."

"గుర్రమైతే మాత్రం? చెప్పుల్తో ఇంట్లోకి ఎట్టా రానిస్తాం? బయటే ఇప్పమను."

మా ఇంట్లో గ్యాస్ మీటర్ చూడ్డానికి వచ్చినవాడు కూడా బూట్లు విప్పాల్సిందే. నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. ట్రైనర్‌కు ఇంగ్లీషులో చెప్పింది నేనే. ఆవిడ కాస్త తటపటాయించి నాలుగూ విప్పింది.

హాల్లో నున్నటి చెక్కఫ్లోరు. రెండడుగులు వేసిందో లేదో డెక్కలు జర్రున జారాయి. నా చేతిలో పట్టీ గుంజుకుంది. గుర్రం గోడకు ఆనుకుని వణకసాగింది.

"నానమ్మా, షీ ఈజ్ స్కేర్డ్," అంది పాప.

ట్రైనర్ నా చేతిలోంచి పట్టీ తీసుకుంది. ఇక గుర్రాన్ని ఇవ్వదని నాకు అర్థమైంది. "మీ చాదస్తంతో అంతా చెడగొట్టారు" అని అత్తయ్య మీద అరిచాను. బూట్లు విప్పమని చెప్పిన నోరు నాదేనని అప్పుడు గుర్తు రాలేదు.

అత్తయ్య మేడ మెట్లు మెల్లగా ఎక్కి, మెల్లగా దిగింది. నా కాళ్ళ దగ్గర మెత్తగా ఏదో పరిచింది. వంగి తడిమితే ఆవిడ బొంత. పాత నేతచీరలతో కుట్టి గుంటూరు నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్నది, ఎవర్నీ కప్పుకోనివ్వనిది. దాని మీద మూలుగుతూ కూర్చుని, గుర్రం బూట్లు కొంగుతో తుడిచింది. ట్రైనర్ చూపిస్తుంటే ఒక్కో కాలికీ తనే తొడిగింది, పాప నా చెవిలో చెబుతూనే ఉంది.

"నాకు తెలవలా తల్లీ. ఇయ్యి చెప్పులు కాదు, నీ కాళ్ళే."

గుర్రంతోనే అంది, నాతో కాదు. నాకు ఏడుపొచ్చింది. కాసేపటికి గుర్రం వణుకు ఆగి, బొంత దాటి వంటింటిదాకా నడిచింది. ట్రైనర్ సరేనంది.

వారం తర్వాత గుర్రంతో స్కూలుకు బయలుదేరాను. వెనక పదడుగుల దూరంలో అత్తయ్య చెప్పుల చప్పుడు. తెలియనట్టే నడిచాను. రెండో రోజూ అంతే. మూడో రోజు జీబ్రా క్రాసింగ్ దగ్గర ఆగి చెవులు రిక్కించాను. వెనక ఎవరూ లేరు. భయం వేసింది. గుర్రం కదిలింది, నేనూ కదిలాను.

పాపతో ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది.

"ఇయ్యాల నేను రాలా," అంది.

"తెలుసు అత్తయ్యా."

ఆవిడ కింద కూర్చుని గుర్రం బూట్లు తడిబట్టతో తుడవడం మొదలుపెట్టింది. నేనూ పక్కనే చతికిలబడ్డాను. "మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడిగాను. రెండేళ్ళలో నేనా మాట అడగడం అదే మొదటిసారి.