‘ఎల్లప్పుడూ’ అన్న గడి

నా మనవరాలిని ఒకటో తరగతి నుంచి తీసి, ప్రవర్తన బాగాలేని పిల్లల కోసమని పెట్టిన వేరే గదిలో కూర్చోబెట్టారు. ఆరేళ్ల పిల్ల. ఎవరినీ ఏడిపించలేదు, ఏదీ పగలగొట్టలేదు. ఒక కాగితం మీద టిక్కులు ఎక్కువయ్యాయి, అంతే. ఆ టిక్కులు పెట్టింది నేను.

మేముండేది చొప్పదండిలో. ఇంటి ముందు గదిలో నాలుగు మరమగ్గాలున్నాయి, మేం సాంచాలంటాం. ఆ మోతలో పిలిస్తే ఎవరికీ వినపడదు. దగ్గరికి పోయి, భుజం చరిచి, చెవి దగ్గర అరవాలి. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో మాటంటే అదే. పిల్ల కూడా అట్లాగే నేర్చింది.

బడివాళ్లు పిల్లల ప్రవర్తన గురించి ప్రశ్నల కాగితం ఇంటికి పంపారు. కొడుకు సాంచాల దగ్గరున్నాడు. నేను చిన్నప్పుడు బడికి పోలేదు గానీ, పాత పేపర్లు కూడబలుక్కుని చదవడం నేర్చినవాణ్ణి. నేనే ముందుకేసుకుని కూర్చున్నాను. గట్టిగా అరుస్తుందా? మాట్లాడేటప్పుడు ఎదుటివారిని చేత్తో కొడుతుందా? పిలిస్తే పలకదా? పక్కన మూడు గడులు: లేదు, అప్పుడప్పుడు, ఎల్లప్పుడూ.

కోడలు వెనక నుంచి తొంగి చూసింది.

"మామా, అన్నీ ఎల్లప్పుడనే పెట్టవట్టినవ్. జర సోంచాయించు."

"ఉన్నదున్నట్టు రాస్తే ఏం ఫికరమ్మా? అబద్దం రాయాల్నా?"

"మరి సాంచాల సంగతి రాసే జాగేది దాంట్ల?"

జాగా లేదు. కింద సంతకం చేసి పంపాను.

పిల్లను గది మార్చారని తెలిసి బడికి పోయాను. కాగితాలు చూసే మేడం కుర్చీ వేసింది, మర్యాదగానే మాట్లాడింది.

"మేడం, ఒక్క పూట మా ఇంట్ల కూసోండ్రి. మీరు గూడ గట్టిగ ఒర్రుతరు."

"కావచ్చు పెద్దాయనా. కానీ మార్కులు ఇట్ల వచ్చినయి."

"చప్పుడు లేని ఇంట్ల పెరిగిన పిల్లకూ, మా పిల్లకూ ఒకటే కాగితమా?"

"అందరికీ ఒకటైతేనే కదా న్యాయం?"

ఆ గదిలో మా పిల్ల పక్కన ఇంకో పాప. ఉట్నూర్ దిక్కు నుంచి కూలికొచ్చినవాళ్ల బిడ్డ. పెద్దల ముందు తలెత్తకూడదని ఇంట్లో నేర్పారట. కళ్లలోకి చూడదని ఆమెకు టిక్కులు. ఒకరు గట్టిగా ఉన్నందుకు, ఒకరు మెత్తగా ఉన్నందుకు.

ఇప్పుడు మా పిల్ల ఇంట్లో కూడా మెల్లగా మాట్లాడుతోంది. సాంచాల మోతలో మాకేమీ వినపడదు. మొన్న నా ముందుకొచ్చి ఏదో అన్నది. వంగి చెవి పెట్టేసరికి ఊరుకుంది. రెండోసారి చెప్పదు. కోడలు పిల్ల పెదాల కదలిక చూసి, ఆకలని పోల్చుకుని అన్నం పెట్టింది.

మొదట్లో నాకు కోపం వచ్చేది. ఇప్పుడు అదీ రావడం లేదు. పిల్లను మళ్లీ తన తరగతిలో కూర్చోబెట్టమని, మా ఇంటి సంగతంతా వివరించి, పై ఆఫీసుకు మూడు దరఖాస్తులు రాశాను. మూడోదానికి జవాబు వచ్చింది:

"మీ దరఖాస్తు పరిశీలించడమైనది. ప్రశ్నాపత్రం అందరికీ ఒకటే. జవాబులు, సంతకం మీవే. కావున ఈ ఏడాది మార్పు సాధ్యపడదు. వచ్చే ఏడాది ప్రశ్నాపత్రం మరల ఇవ్వబడును. అప్పుడు దానిని మీ ఇంట్లోని చదువుకున్నవారిచే నింపించగలరు."